చింపిన అంచులతో పండగ పిలుపు: చేత్తో గ్రీటింగ్ కార్డులు చేసే పద్ధతి

పైడితల్లి అమ్మవారి పండక్కీ సంక్రాంతికీ చుట్టాలను పేరుపేరునా పిలవడం మా విజయనగరం వైపు ఆనవాయితీ. ఇప్పుడా పిలుపు వాట్సాప్‌లోకి వెళ్లిపోయింది. ఎవరో చేసిన బొమ్మ మనకొస్తే దాన్నే గ్రూపులన్నిటికీ తోసేసి, పిలిచేశాం అనుకుంటున్నాం. అందరికీ కాకపోయినా ఇంటి ఆడపడుచులకీ, ఊరు వదిలి దూరాన ఉన్నవాళ్లకీ, ఫోను చూడని పెద్దవాళ్లకీ చేత్తో చేసిన కార్డు పంపుదామనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. బొమ్మలు వేయడం రానక్కర్లేదు. కాగితం చింపడం వస్తే చాలు. చింపడం ఎవరికి రాదని నవ్వకండి. ఈ పనిలో నేర్చుకోవాల్సింది ముప్పావు వంతు అదే, అందుకే దాని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

కాగితాలు ఎక్కడివి

నమూనా కాగితాల కోసం బజారుకి పరుగెత్తకండి. ముందు బీరువా పైన చూడండి. ప్రతి ఇంట్లోనూ పాత శుభలేఖల కట్ట ఒకటి ఉంటుంది. బంగారు రంగు లతలు, మామిడిపిందెలు, గుడి గోపురాల అంచులు, పట్టుచీర బోర్డరు లాంటి గీతలు, అన్నీ అందులోనే దొరుకుతాయి. పెళ్లిళ్ల సీజను అయ్యాక శుభలేఖలు అమ్మే షాపులవాళ్లు పాత శాంపిళ్లు తీసేస్తుంటారు, అడిగితే ఇస్తారు. ప్రింటింగ్ ప్రెస్సులో కటింగ్ మిషను పక్కన పడే ముక్కలు కూడా మంచి సరుకే. రంగురంగుల కార్డు ముక్కలు రెండు వేళ్ల వెడల్పున సన్నటి పట్టీలుగా దొరుకుతాయి.

శుభలేఖలతో రెండు జాగ్రత్తలు. వినాయకుడి బొమ్మ మీదుగానో వెంకటేశ్వరస్వామి బొమ్మ మీదుగానో చింపితే ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోరు. దేవుడి బొమ్మల చుట్టూ ముందే కత్తెరతో కోసి విడిగా పెట్టేసి, మిగిలిన కాగితమే వాడుకోండి. రెండోది, కట్టలో పెదకర్మ కార్డులు కూడా కలిసిపోయి ఉంటాయి. వాటి మీదా బోర్డర్లు చక్కగానే ఉంటాయి గానీ, ఆ ముక్క పండగ కార్డు మీదకెక్కి వెనక రెండక్షరాలు కనిపించిందంటే ఇక ఆ చుట్టరికం సంగతి మీకే తెలియాలి.

ఇంకా ఏవేం పనికొస్తాయంటే: పుస్తకాలకు అట్టలేసే బ్రౌన్ పేపరు, గాలిపటాల కాగితం, చీరల డబ్బాలో వేసే పలచటి కాగితం, క్యాలెండరు షీట్లు, పాత అట్లాసు, పిల్లల డ్రాయింగ్ పుస్తకంలో రంగు పూసి వదిలేసిన పేజీలు. గిఫ్టు ప్యాకింగు కాగితాన్ని మాత్రం ఒక మూల చింపి చూడండి. సాగుతూ వస్తే అది ప్లాస్టిక్ పొర ఉన్నది. చిరిగిన అంచు రాదు, బంక పట్టదు, పక్కన పెట్టేయండి. దినపత్రిక కాగితం చూడ్డానికి బాగుంటుంది గానీ కొన్నాళ్లకే పసుపు తిరిగిపోతుంది, సిరా చేతికంటుతుంది. చింపడం సాధన చేయడానికి వాడండి, కార్డు మీదకు వద్దు.

కార్డుకి అడుగున వేసే అట్ట మటుకు కొనాల్సిందే. బుక్ స్టాల్లో 250 జీఎస్ఎం (అంటే చదరపు మీటరు 250 గ్రాములు తూగే) ఐవరీ షీటు అడగండి. స్కూలు చార్టు పలచన, మడిచి నిలబెడితే వంగిపోతుంది.

మడత

ఎ4 సైజు ఐవరీ షీటు 210 × 297 మిల్లీమీటర్లు. పొడవును సగానికి కోస్తే 148 × 210 ముక్కలు రెండొస్తాయి. ఒక్కోదాన్ని మళ్లీ సగానికి మడిస్తే 105 × 148 కార్డు. అంటే షీటుకి రెండు కార్డులు. అరచేతికి కాస్త పెద్దగా ఉండే ఈ సైజు దేనికైనా సరిపోతుంది.

అట్టను చేత్తో ఉత్తినే మడిస్తే మడత మీద పొర పగిలి గరుకు తేలుతుంది. సిరా అయిపోయిన బాల్ పెన్ను తీసుకుని, స్టీలు స్కేలు ఆనించి, మడత పడాల్సిన చోట గట్టిగా ఒక గీత లాగండి. గాడి పడిన వైపు బయటికి, ఉబ్బిన వైపు లోపలికి వచ్చేలా మడిచి, స్కేలు అంచుతోనో చెంచా వీపుతోనో రుద్దండి.

కాగితం ఎటు చిరుగుతుంది

పాత పేపరొకటి తీసుకుని పై నుంచి కిందికి చింపండి. దాదాపు తిన్నగా, పట్టీలాగా వస్తుంది. అదే పేపరుని అడ్డంగా చింపండి. ఎటు పడితే అటు పోతుంది. మిల్లులో కాగితం గుజ్జు కదిలే జల్లెడ మీద పారుతుంది కాబట్టి నారపోగులు ఎక్కువగా ఆ పారిన దిక్కుకే తిరిగి పడుకుంటాయి. దీన్ని ప్రెస్సువాళ్లు గ్రెయిన్ అంటారు. చేతులతో తయారుచేసిన కాగితంలో పోగులు అన్ని వైపులా ఉంటాయి కాబట్టి ఈ తేడా పెద్దగా కనబడదు.

కొత్త కాగితం చేతికొచ్చినప్పుడు మూలన ఒక చిన్న పరీక్ష చేయండి. నిలువునా ఒక అంగుళం, అడ్డంగా ఒక అంగుళం చింపండి. తిన్నగా వచ్చిన దిక్కే గ్రెయిన్. చింపడం ఇష్టం లేకపోతే కాగితాన్ని మడత పడకుండా అటూ ఇటూ కొద్దిగా వంచి చూడండి, వంపు గీత ఎటు పడ్డప్పుడు తేలిగ్గా వంగితే గ్రెయిన్ అటే. సముద్రం మీద గీత, పొలం గట్టు, రోడ్డు లాంటి తిన్నటి అంచులు కావాలంటే గ్రెయిన్ వెంట చింపాలి. కొండలు, మబ్బులు, చెట్ల గుబుర్లు కావాలంటే గ్రెయిన్‌కి అడ్డంగా. కార్డు మడత కూడా గ్రెయిన్ వెంటే పడితే పగలదు. ఎ4 షీట్లలో గ్రెయిన్ చాలావరకు పొడవు వెంట ఉంటుంది, కాబట్టి పైన చెప్పినట్టు కోసి మడిస్తే అది దానంతటదే కుదురుతుంది.

తెల్ల అంచు కావాలా, వద్దా

ఒక వైపే రంగు ఉన్న కాగితాన్ని చింపితే ఒక్కోసారి అంచున తెల్లటి చార వస్తుంది, ఒక్కోసారి రాదు. చాలామంది అది అదృష్టం అనుకుంటారు. చెయ్యి ఎటు కదిలిందన్నదే అసలు సంగతి.

రంగు వైపు మీకు కనబడేలా పట్టుకోండి. కావాల్సిన ముక్క ఎడమచేతిలో, తీసేసేది కుడిచేతిలో. రెండు బొటనవేళ్లూ చిరుగు దగ్గరే, ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. ఇప్పుడు కుడిచేతిని మీ వైపుకు లాగుతూ చింపండి. పోయే ముక్క పోతూపోతూ పై రంగు పొరను కొంచెం ఒలుచుకుపోతుంది. ఎడమచేతిలో మిగిలిన ముక్క అంచున లోపలి తెలుపు రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పున బయటపడుతుంది. అదే కుడిచేతిని అవతలికి తోస్తూ చింపితే పొర వెనక వైపు ఒలుస్తుంది, ముందు వైపు రంగు అంచుదాకా నిలుస్తుంది. ఎడమచేతివాటం వాళ్లు చేతులు మార్చుకుంటే సరిపోతుంది. లోపలిదాకా రంగు కలిపి చేసిన కాగితాల్లో ఈ తెలుపు రాదు, ఎటు లాగినా ఒకటే.

తెల్ల అంచు కెరటం నురగకీ, కొండల మధ్య పొద్దుటి మంచుకీ పనికొస్తుంది. వరిచేను, గోడ, జనం లాంటి వాటికి తెలుపు అడ్డొస్తుంది, అక్కడ అవతలికి తోసే చింపుడే మంచిది.

ఇంకో రెండు పద్ధతులున్నాయి. మందంగా ఉన్న కాగితం మాట వినకపోతే, కావాల్సిన గీత మీద తడి కుంచెతో రెండు మూడుసార్లు గీసి, నీళ్లు పీల్చుకున్నాక రెండు వైపులా మెల్లగా లాగండి. చింపడంలా కాకుండా విడదీయడంలా ఉండాలి. అంచున పోగులు దూది పింజల్లా తేలతాయి. చేతితయారీ కాగితానికి ఇది అద్భుతంగా వస్తుంది. శుభలేఖ మీద బంగారు పొర ఉంటే నీళ్లు దిగవు, తడి వెనక వైపు పెట్టండి. గోడలాగా తిన్నగానే ఉండాలి కానీ కత్తెర నునుపు వద్దనుకుంటే, కాగితం మీద స్టీలు స్కేలు గట్టిగా నొక్కిపెట్టి, బయటికున్న భాగాన్ని స్కేలు అంచుకు ఆనించి పైకి లాగండి.

వంపులు చింపేటప్పుడు తొందరపడితే కాగితం మన చేతిలోంచి దాని దారికి పోతుంది. గోరంత గోరంత చింపుతూ, ప్రతిసారీ బొటనవేళ్లు ముందుకు జరుపుకుంటూ వెళ్లాలి. చిన్నపిల్లలు ఈ పనిలో పెద్దవాళ్లకంటే నయం. చింపేటప్పుడు భయపడరు.

నమూనాలు జత కట్టడం

నమూనా కాగితాలు చూడగానే అన్నీ ఒకే కార్డు మీద పెట్టేయాలనిపిస్తుంది. పెడితే ఏదీ కనబడదు. ఒక కార్డుకి పెద్ద పూల నమూనా ఒకటి, సన్న చుక్కలో గీతలో ఉన్నది ఒకటి, మిగతా అంతా సాదా. నా మటుకు నేను సగానికి పైగా సాదా కాగితమే ఉంచుతాను. దూరంగా ఉన్నవాటికి సన్న నమూనా, దగ్గరివాటికి పెద్ద నమూనా వాడితే కార్డు మీద లోతు దానంతటదే వస్తుంది. రెండు నమూనాలు పక్కపక్కనే పడి కొట్టుకుంటుంటే మధ్యలో సన్నటి తెల్ల అంచు వదలండి, సర్దుకుంటాయి.

రంగులకి చుట్టుపక్కలే చూడొచ్చు. సీతంపేట వైపు సవర గిరిజనుల ఇళ్ల గోడల మీద ఎర్రమట్టి నేల, దాని మీద బియ్యప్పిండి తెలుపు. ఆ రెండు రంగులతోనే కార్డు ఎంత నిండుగా ఉంటుందో చేసి చూడండి. ఆ బొమ్మల్ని మాత్రం ఎత్తి పెట్టకండి, వాళ్లకవి పూజలో భాగం. కార్డు నడుముకి దారం కట్టాలనుకుంటే పొందూరు ఖద్దరు ముక్క అంచు నుంచి నాలుగు పోగులు లాగి కట్టండి. వాలుగ చేప దవడతో దూది శుభ్రం చేసి వడికిన నూలు అది, మిలమిలలాడే రిబ్బను దాని ముందు ఆనదు.

మొదటి కార్డు: కళింగపట్నం పొద్దు

చెయ్యి తిరగడానికి ఇది సులువు. కార్డును అడ్డంగా, మడత పైకి ఉండేలా పెట్టుకోండి. ఆకాశానికి లేత నారింజ లేదా మీగడ రంగు సాదా కాగితం. సూర్యుడికి పసుపు కాగితం, రూపాయి బిళ్లకంటే కాస్త పెద్దగా గుండ్రంగా చింపింది. సముద్రానికి ముదురు నీలం పట్టీ ఒకటి, లేత నీలంలో సన్న నమూనా ఉన్నది ఒకటి. ఇసుకకి బ్రౌన్ పేపరు. పట్టీలన్నీ కార్డుకంటే రెండు పక్కలా ఒక సెంటీమీటరు ఎక్కువ పొడుగుండాలి.

అంటించే వరస దూరం నుంచి దగ్గరికి. ముందు ఆకాశం, దాని మీద సూర్యుడు. కింది నుంచి 5 సెంటీమీటర్ల ఎత్తున ముదురు నీలం పట్టీ, సూర్యుడి కింది సగం దాని వెనక దాగేలా. ఈ పట్టీ పై అంచు గ్రెయిన్ వెంట, తెలుపు రాకుండా చింపాలి. దూరపు సముద్రం మీద నురగ ఉండదు. దాని కింద లేత నీలం, గ్రెయిన్‌కి అడ్డంగా, తెల్ల అంచుతో. అన్నిటికంటే కింద ఇసుక, దీన్ని మాత్రం లేత నీలం కంటే ముందే అంటించాలి. ఇసుకకి ఆనే కెరటానికి తెల్ల అంచు కింది వైపు ఉండాలి కాబట్టి లేత నీలం పట్టీ కింది అంచు కూడా తెల్లగా చింపి, ఇసుక మీదకి ఎక్కించి అంటించండి. అంతా అయ్యాక కార్డు బోర్లించి, పక్కలకు వచ్చిన కొసల్ని కత్తెరతో అంచు వెంట తీసేయండి.

మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేచి ఊళ్ల వెనక్కి దిగుతాడు. అంచేత కార్డు మీద పడేది తెల్లవారే. ముదురు ఎరుపు, ఊదా గుప్పించకుండా లేత రంగుల్లో ఉంచండి.

బంక సంగతి

ఫెవిస్టిక్ పలచటి కాగితానికి సరిపోతుంది, శుభలేఖ ముక్కలకు చాలదు, ఆరాక మూలలు లేస్తాయి. ఫెవికాల్‌లో రెండు చుక్కల నీళ్లు కలిపి, పాత కుంచెతో పలచగా పూయడం మంచిది. ఇంట్లో చేసుకోవాలంటే ఒక చెంచా మైదాకి ఐదు చెంచాల నీళ్లు పోసి ఉండలు లేకుండా కలిపి, చిన్న మంట మీద పాలరంగు పోయి మెరుపు వచ్చేదాకా ఉడికించండి. రెండు రోజుల్లో పులిసిపోతుంది, కాబట్టి కొంచెమే చేసుకోండి. పురుగు పట్టకుండా బైండింగువాళ్లు అందులో మైలుతుత్తం వేస్తారు. అది విషం, పిల్లలు చేయి పెట్టే బంకలో వేయొద్దు.

ముక్క అంతటా బంక పూయకండి. చింపిన పై అంచున రెండు మిల్లీమీటర్లు వదిలేయండి. ఆరాక ఆ అంచుని గోటితో కొంచెం లేపితే కింద సన్నటి నీడ పడుతుంది. మొత్తం అంటించేస్తే అచ్చేసిన బొమ్మలా చదునుగా ఉండి, ఇంత చింపినందుకు ఫలం దక్కదు.

తడి బంక తగిలితే కాగితం సాగి, ఆరేటప్పుడు ముడుచుకుంటూ అట్టను తన వైపు లాగుతుంది. అందుకే ముందు వైపు అన్ని పొరలు వేసిన కార్డు వంగుతుంది. విరుగుడు ఏమిటంటే లోపలి వైపు, సరిగ్గా ఆ వెనకే, ఒక తెల్లకాగితం అదే బంకతో అంటించడం. రెండు వైపులా సమానంగా లాగి అట్ట తిన్నగా నిలుస్తుంది. కార్డు పైనా కిందా బటర్ పేపరు పెట్టి బరువైన పుస్తకాల కింద ఒక రాత్రంతా ఉంచండి. దసరా రోజుల్లో మన దగ్గర వానలు ఇంకా వదలవు కాబట్టి అప్పుడు ఇంకో పూట ఎక్కువే ఉంచాలి. ఫ్యాను గాలికి ఆరబెడితే మూలలు పైకి తిరుగుతాయి.

రెండో కార్డు: సిరిమాను

పైడితల్లి అమ్మవారి పండగలో విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం సిరిమాను, ముందురోజు సోమవారం తొలేళ్లు. చింతమాను కొసన పూజారి కూర్చుంటే, మూడు లాంతర్ల కూడలి దగ్గరి గుడి నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. చూడ్డానికి వచ్చిన జనంలో నేల కనబడదు. చింపిన నమూనా కాగితానికి ఇంతకంటే తగిన బొమ్మ నాకు తెలియదు. ఆ జనమంతా కట్టుకున్న బట్టలే మన చేతిలో ఉన్న ముక్కలు.

కార్డును నిలువుగా పెట్టుకోండి. ఆకాశానికి లేత పసుపు సాదా కాగితం. కోటగోడకి బ్రౌన్ పేపరు, స్కేలు ఆనించి చింపింది, సగం ఎత్తుకి కొంచెం పైన, వెడల్పు రెండు సెంటీమీటర్లు చాలు. గోడ కింద నుంచి కార్డు అడుగు వరకూ జనం.

శుభలేఖలు, చీరల డబ్బా కాగితాలు, పూల నమూనాలు, అన్నీ గోరంత ముక్కలుగా చింపి గిన్నెలో కలిపేసుకోండి. ఈ ఒక్క చోట సాదా సగం ఉండాలన్న మాట మర్చిపోవచ్చు. ముందు గోడ దగ్గర మొదలుపెట్టి, మెంతి గింజంత చిన్న ముక్కలు, సన్న నమూనాలవి, వరసగా అంటించండి. కిందికి వచ్చేకొద్దీ ముక్కలు పెద్దవవుతూ, ముందు వరస ముక్కలు పై వరసని కొంచెం కప్పుతూ రావాలి. కింది అంచుకొచ్చేసరికి ఒక్కో ముక్క వేలి గోరంత అవుతుంది. కళ్లు, ముక్కులు గీయకండి. అక్కడక్కడ నల్లకాగితం చుక్క ఒకటి ముక్క పైన పెడితే తల అయిపోతుంది, అన్నిటికీ పెట్టక్కర్లేదు, ఐదారుకి పెడితే మిగతావి కూడా మనుషులే అని కన్నే అనుకుంటుంది. ఊరేగింపులో జాలరి వల కూడా ఉంటుంది కదా, వెల్లుల్లి అమ్మే నెట్ సంచీ ముక్క ఒకటి జనం మీద ఒక పక్కన అంటిస్తే అదీ వచ్చేస్తుంది.

ఈ కార్డంతటిలో కత్తెర పడేది సిరిమానుకి మాత్రమే. ముదురు గోధుమ రంగు అట్ట నుంచి 12 సెంటీమీటర్ల పట్టీ, మొదట 4 మిల్లీమీటర్లు, కొసన 2, నునుపుగా కోయండి. చుట్టూ అన్నీ చిరిగిన అంచులు కావడంతో ఈ ఒక్క తిన్నటి గీత కన్నుని పట్టుకుని పైకి తీసుకెళ్తుంది. ఎడమ కింది మూల దగ్గర జనంలోంచి మొదలై, గోడ దాటి, కుడి పైమూల వైపు ఏటవాలుగా లేవాలి. వెనక మూడు చోట్ల చిన్న ఫోమ్ టేపు ముక్కలు పెట్టి అంటిస్తే మాను కార్డుకి ఎడంగా నిలుస్తుంది. కొసన పూజారికి తెల్ల ముక్క ఒకటి, ఎరుపు ముక్క ఒకటి చాలు. అమ్మవారి రూపం ముక్కలతో చేయడానికి పోకండి. కార్డు నాలుగు మూలలా పసుపు రాస్తే ఆ లోటు తెలియదు.

లోపల ఏం రాయాలి

అచ్చు కార్డుల్లో ఉండే ‘హృదయపూర్వక శుభాకాంక్షలు’ ఇంత కష్టపడి చేసినదాంట్లో వేయకండి. నోటితో ఎలా పిలుస్తారో అలా రాయండి. ‘అత్తా, మావయ్యా, సోమవారం తొలేళ్లు, మంగళవారం సిరిమాను. మంగళవారం బస్సెక్కితే ఊళ్లోకి రాలేరు, ఆదివారానికే వచ్చేయండి. పిల్లా గుంటల్ని కూడా తీసుకురండి.’ ఇలా నాలుగు ముక్కలు చాలు. లోపల అంటించిన తెల్లకాగితం మీద బాల్ పెన్నుతో రాస్తే అచ్చు ముందు వైపుకు తేలుతుంది. జెల్ పెన్నో ఇంకు పెన్నో వాడండి, లేదంటే ఆ కాగితం మీద ముందే రాసుకుని తర్వాత అంటించండి.

కవరు, పోస్టు

కవరుకి ఎ4 కాగితం నుంచి 21 సెంటీమీటర్ల చదరం కోయండి. మూల మీద నిలబెట్టినట్టు పెట్టి, కార్డును మధ్యలో అడ్డంగా ఉంచండి. ఎడమ, కుడి మూలలు లోపలికి మడిస్తే మధ్యలో ఇంచుమించు కలుస్తాయి. కింది మూల వాటి మీదకు మడిచి అంటించండి, పై మూల మూత. మడతలు కార్డుకి మరీ ఆనించకుండా ఒకట్రెండు మిల్లీమీటర్లు వదులు ఉంచితే కార్డు నలగదు.

బరువు లెక్క కూడా చూసుకోండి. 250 జీఎస్ఎం ఎ4 షీటు దాదాపు 15.6 గ్రాములు, అందులో సగం మన కార్డు కాబట్టి 8 గ్రాముల లోపే. మామూలు 80 జీఎస్ఎం కవరు మూడున్నర గ్రాములు. పైన అంటించిన ముక్కలు, బంక, టేపు కలిపినా మామూలుగా 20 గ్రాములు దాటదు. ఉత్తరాల ఛార్జీ 20 గ్రాముల లెక్కనే ఉంటుంది కనుక మొదటి మెట్టులోనే సరిపోతుంది. అనుమానముంటే కౌంటర్లో తూయించండి.

తపాలా బిళ్ల కుడి పైమూలన వస్తుంది, ముద్ర పడేదీ అక్కడే. సిరిమాను కొస సరిగ్గా ఆ చోటికి వచ్చిందంటే ఒక్క దెబ్బకి ఫోమ్ టేపు నలిగిపోతుంది. కార్డును కవర్లో తిరగేసి, ముఖం వెనక వైపుకు, మాను కొస కిందికి వచ్చేలా పెట్టండి. ముఖం మీద ఒక పలచటి అట్టముక్క వేస్తే లేచిన అంచులు కూడా నలగవు. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడు తప్పకుండా రాసి, కనీసం పది రోజుల ముందు వేయండి. బస్సు టికెట్లు చూసుకోవడానికి వాళ్లకీ టైము కావాలి.